బెంచీ మీది చదువు: బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్‌లు కోచ్‌లు అయ్యే దారి

[తెరపై: మినియాపొలిస్ స్టేడియం. స్కోరు బోర్డు: ఫిలడెల్ఫియా 15, న్యూ ఇంగ్లండ్ 12. విరామానికి 38 సెకన్లు.]

వ్యాఖ్యానం: 2018 ఫిబ్రవరి 4. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఏడాది మొత్తానికి ఆఖరి మ్యాచ్ అయిన సూపర్ బౌల్ జరుగుతోంది. ఫిలడెల్ఫియా ఈగల్స్ జట్టు గోల్ లైనుకు ఒకే ఒక్క గజం దూరంలో ఉంది, చేతిలో మిగిలింది నాలుగో ప్రయత్నం, అంటే చివరిది. బంతిని తన్నించి మూడు పాయింట్లు తీసుకుని విరామానికి వెళ్లిపోతే ఎవరూ తప్పు పట్టరు. అయితే క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని జట్టు దాడిని నడిపించే ఆటగాడు, నిక్ ఫోల్స్ సైడ్‌లైన్ దగ్గరికి నడిచి వచ్చి, హెడ్ కోచ్ డగ్ పెడర్సన్‌ను ఒక ఎత్తుగడ పేరు చెప్పి, అది ఆడదామా అని అడిగాడు. పెడర్సన్ క్షణం ఆగి, సరేనన్నాడు.

ఫోల్స్ తన చోటు వదిలి, తోటివారికి ఏదో సర్దిచెబుతున్నవాడిలా లైను కుడివైపుకు నడిచాడు. అంతలో బంతి నేరుగా సహచరుడు కోరీ క్లెమెంట్ చేతిలో పడింది. అతడు ఎడమకు పరుగెడుతూ, ఎదురు వస్తున్న ట్రే బర్టన్‌కు దాన్ని అందించాడు. బర్టన్ కుడికి పరుగెడుతూ, కాపలా లేకుండా గోల్ ప్రాంతంలోకి జారుకున్న ఫోల్స్‌కు విసిరాడు. టచ్‌డౌన్, అంటే బంతి గోల్ ప్రాంతానికి చేరింది. ఈగల్స్ ఆ మ్యాచ్‌ను 41–33తో గెలిచారు.

[తెరపై: నలుగురి ముఖాలు ఒక్కొక్కటిగా.]

ఈ దృశ్యంలో ఉన్నవారి పూర్వాశ్రమం చూడండి. పెడర్సన్ తన ప్రొఫెషనల్ జీవితంలో ఎక్కువ భాగం బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్‌గానే, అంటే మొదటివాడికి ఏమైనా అయితే దిగడానికి బెంచీ మీద ఎదురుచూసేవాడిగానే గడిపాడు. అతని పక్కన ఉన్న అఫెన్స్ కోఆర్డినేటర్ (దాడి ఆటను చూసుకునే కోచ్) ఫ్రాంక్ రైక్ కూడా అంతే. ఫోల్స్ అసలు ఆ సీజన్‌కు బ్యాకప్‌గా చేరినవాడు. 2017 డిసెంబరులో మొదటి క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ మోకాలు దెబ్బతినడంతో మైదానంలోకి వచ్చాడు. బంతి విసిరిన బర్టన్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో కొంతకాలం క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి, తర్వాత స్థానం మారినవాడు. బెంచీ మీద కూర్చోవడం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లందరూ కలిసి ఆడిన ఎత్తుగడ అది.

మన దగ్గర ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడే ఆట కనుక ఒక మాట చెప్పుకోవాలి. ఇది కోడిగుడ్డు ఆకారపు బంతితో, హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికా ఆట. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలకు శనివారం కాలేజీ మ్యాచ్‌లు, ఆదివారం ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ అనే వారపు లెక్క బాగానే తెలుసు. వాళ్లకు కూడా అంతగా తెలియనిది, శనివారం ఆడినవాళ్లలో ఆదివారానికి చేరేవారు ఎంత తక్కువమందో. కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ అంచనా ప్రకారం, డ్రాఫ్ట్‌కు, అంటే ఎన్ఎఫ్ఎల్ జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియకు, అర్హత వచ్చిన ఆటగాళ్లలో ప్రొఫెషనల్ స్థాయికి వెళ్లేది నూటికి ఇద్దరు కూడా కాదు. జట్లు 32, ఒక్కో జట్టులో చోటు 53 మందికి, అందులో క్వార్టర్‌బ్యాక్‌లు ఇద్దరో ముగ్గురో. ఆ ఇద్దరిలోనూ ఆడేవాడు ఒక్కడే. రెండోవాడు ఏం చేస్తాడన్నదే మన విషయం.

[తెరపై: సాధన మైదానం. ఒక కోచ్ అట్టముక్క పైకెత్తి చూపిస్తున్నాడు.]

క్రికెట్ చూసేవారు వెంటనే నీళ్ల సీసాలు మోసే పన్నెండో ఆటగాణ్ణి తలుచుకుంటారు. ఆ పోలిక ఇక్కడ సరిపోదు. బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్‌కు వారమంతా పని ఉంటుంది, అది కూడా విచిత్రమైన పని. ఆదివారం ఎదుర్కోబోయే ప్రత్యర్థి జట్టు ఎలా ఆడుతుందో సొంత డిఫెన్స్‌కు అలవాటు చేయడానికి, సాధనలో అతడు ఆ ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ వేషం కడతాడు. కోచ్ ఒక అట్టముక్క మీద గీసిన ఎత్తుగడను పైకెత్తి చూపిస్తే, కొన్ని సెకన్లలో దాన్ని చదువుకుని, తనది కాని ఆటను తనదే అన్నట్టు ఆడాలి. అంటే ఒక సీజన్ గడిచేసరికి సొంత జట్టు ఎత్తుగడల పుస్తకంతో పాటు డజనుకు పైగా పరాయి జట్ల ఆలోచనలు కూడా అతని చేతుల మీదుగా వెళతాయి. మొదటి క్వార్టర్‌బ్యాక్‌కు ఆ అవకాశం లేదు, అవసరమూ లేదు.

మ్యాచ్ రోజున అతడు కోచ్ పక్కనే నిలబడతాడు. కోచ్ మాట రేడియో ద్వారా మైదానంలోని క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోకి వెళుతుంది. ఒక్కో ఎత్తుగడ మొదలుపెట్టడానికి ఇచ్చే గడువులో 15 సెకన్లు మిగలగానే ఆ రేడియో ఆగిపోతుంది. ఆ తర్వాత మైదానంలో ఉన్నవాడు ఒంటరి. బయట ఉన్నవాడు మాత్రం కోచ్ ఏమి కోరాడో విన్నాడు, ప్రత్యర్థి ఎలా నిలబడ్డాడో చూస్తున్నాడు, రెంటికీ పొత్తు కుదిరిందో లేదో తేల్చుకునే తీరిక కూడా అతనికే ఉంది. అదే పనిని పదేళ్లు చేసినవాడు కోచ్ కాకపోతేనే ఆశ్చర్యపడాలని నాకు అనిపిస్తుంది.

[తెరపై: డెన్వర్, 1983.]

గ్యారీ కుబియాక్ కథ ఇందుకు నిలువెత్తు ఉదాహరణ. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన కుబియాక్‌ను 1983 డ్రాఫ్ట్‌లో ఎనిమిదో రౌండులో డెన్వర్ బ్రాంకోస్ తీసుకున్నారు. ఆయన దురదృష్టమో అదృష్టమో, అదే డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఆటగాడిగా ఎంపికైన జాన్ ఎల్వేను కూడా బ్రాంకోస్ మరో జట్టు నుంచి తెచ్చుకున్నారు. ఎల్వే ఉండగా ఇంకొకరికి చోటెక్కడిది? తొమ్మిది సీజన్లలో కుబియాక్ మొదటినుంచీ ఆడిన మ్యాచ్‌లు ఐదే ఐదు. ఆట మానేశాక తాను చదివిన కాలేజీలోనే రన్నింగ్ బ్యాక్‌ల (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాళ్ల) కోచ్‌గా మొదలై, మెట్టు మెట్టుగా ఎక్కి, 2015లో బ్రాంకోస్‌కే హెడ్ కోచ్‌గా వచ్చారు. ఆయనను పిలిపించింది, అప్పటికి జట్టు నిర్వాహకుడిగా ఉన్న ఎల్వేనే.

ఆ ఏడాది జరిగినది నిశితంగా చూడదగినది. నవంబరులో, గాయాలతో తడబడుతున్న మహా ఆటగాడు పేటన్ మ్యానింగ్‌ను కుబియాక్ మ్యాచ్ మధ్యలో పక్కన కూర్చోబెట్టి, కుర్రవాడైన బ్రాక్ ఆస్వైలర్‌కు బంతి ఇచ్చారు. ఆరు మ్యాచ్‌లు ఆస్వైలర్ నడిపించాక, రెగ్యులర్ సీజన్ చివరి మ్యాచ్‌లో జట్టు తడబడుతుండగా అతణ్ణి దించి మళ్లీ మ్యానింగ్‌ను పంపారు. తొమ్మిదేళ్లు బెంచీ మీద కూర్చున్న మనిషి, ఆ బెంచీకి మ్యానింగ్‌నూ పంపగలిగారు, అక్కడినుంచి వెనక్కీ పిలవగలిగారు. 2016 ఫిబ్రవరి 7న డెన్వర్ 24–10తో సూపర్ బౌల్ గెలిచింది. ఆటగాడిగా మూడు సూపర్ బౌల్స్ ఓడిన జట్టులో ఉన్న కుబియాక్‌కు అదే జట్టుతో హెడ్ కోచ్‌గా దక్కిన విజయం అది.

పెడర్సన్ దారి ఇంకా కిందినుంచి మొదలవుతుంది. లూసియానాలోని ఒక చిన్న విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఆయనను 1991 డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోలేదు. గ్రీన్ బేలో మొదటి క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫావ్ర్ వెనుక ఏళ్ల తరబడి నిలబడ్డారు. 1999లో ఫిలడెల్ఫియాలో హెడ్ కోచ్ ఆండీ రీడ్ ఆయనకు మొదటి స్థానం ఇచ్చారు గానీ, అది కొత్త కుర్రవాడు డోనవన్ మెక్‌నాబ్ సిద్ధమయ్యేంతవరకే. ఆట ముగిశాక ష్రీవ్‌పోర్ట్‌లోని ఒక హైస్కూల్‌లో నాలుగేళ్లు కోచ్‌గా పనిచేసి, 2009లో రీడ్ దగ్గరే క్వాలిటీ కంట్రోల్ అనే అట్టడుగు ఉద్యోగంలో చేరారు. ఆ ఉద్యోగమంటే రాత్రులు కూర్చుని వీడియోలు ముక్కలు చేయడం, మనం ఇందాక చూసిన ఆ అట్టముక్కల మీద బొమ్మలు గీయడం. ఒకప్పుడు చదివి ఆడిన అట్టలను ఇప్పుడు గీసి ఇవ్వడం అన్నమాట.

[తెరపై: సూపర్ బౌల్ ట్రోఫీతో టోనీ డంజీ, 2007.]

ఇంతవరకూ చెప్పినది వింటే ఈ బెంచీ అందరికీ తెరిచి ఉన్న బడి అనిపించవచ్చు. అది నిజం కాదు. టోనీ డంజీ మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి క్వార్టర్‌బ్యాక్‌గా ఆడారు. నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లను వేరే స్థానాలకు మార్చేయడం మామూలుగా ఉన్న ఆ రోజుల్లో, 1977 డ్రాఫ్ట్‌లో ఆయనను ఏ జట్టూ తీసుకోలేదు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ చేర్చుకుని డిఫెన్స్‌లోకి పంపారు. అదే ఏడాది హ్యూస్టన్‌లో ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లూ గాయపడటంతో డంజీని అత్యవసరంగా ఆ స్థానంలో దించారు. ఒకే మ్యాచ్‌లో ప్రత్యర్థి పాస్‌ను తాను పట్టి, తన పాస్‌ను ప్రత్యర్థికి పట్టించిన వింత రికార్డు ఆయనకు అలా వచ్చింది. 28 ఏళ్లకే స్టీలర్స్ డిఫెన్స్ కోఆర్డినేటర్ అయ్యారు. హెడ్ కోచ్ పదవి కోసం మాత్రం 1996 దాకా ఆగవలసి వచ్చింది. 2007 ఫిబ్రవరిలో ఇండియానాపొలిస్ కోల్ట్స్‌తో సూపర్ బౌల్ గెలిచి, ఆ ఘనత సాధించిన తొలి నల్లజాతి హెడ్ కోచ్‌గా నిలిచారు. ఆ రోజు ఎదుటి జట్టు కోచ్ లోవీ స్మిత్ కూడా నల్లజాతీయుడే. హెడ్ కోచ్ ఖాళీ వచ్చినప్పుడు మైనారిటీ అభ్యర్థిని తప్పనిసరిగా ఇంటర్వ్యూ చేయాలనే నియమం 2003లో వచ్చింది. దాన్ని అప్పటి స్టీలర్స్ అధిపతి డాన్ రూనీ పేరుతోనే పిలుస్తారు.

ప్రొఫెషనల్‌గా ఒక్క మ్యాచ్ ఆడకుండానే గొప్ప కోచ్‌లైనవారూ ఉన్నారు. 2018లో పెడర్సన్ ఎదుట నిలబడిన న్యూ ఇంగ్లండ్ కోచ్ బిల్ బెలిచిక్ వెస్లియన్ అనే చిన్న కాలేజీలో ఆడి ఆటగాడిగా అక్కడితో ఆగిపోయినవాడే. డెమెకో రయన్స్ లాగా డిఫెన్స్‌లో పేరు తెచ్చుకుని, తాను ఆడిన హ్యూస్టన్ టెక్సన్స్‌కే 2023లో హెడ్ కోచ్‌గా తిరిగి వచ్చినవారూ ఉన్నారు.

[తెరపై: ఫ్రాంక్ రైక్, మేరీల్యాండ్ జెర్సీలో.]

చివరగా ఫ్రాంక్ రైక్. 1984లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం మయామి మీద విరామానికి 0–31తో వెనకబడి ఉండగా, బెంచీ మీదినుంచి లేచి వెళ్లి 42–40తో గెలిపించాడు. 1993 జనవరి 3న బఫలో బిల్స్‌లో గాయపడిన జిమ్ కెల్లీ స్థానంలో ఆడుతూ, 3–35తో మునిగిపోయిన మ్యాచ్‌ను 41–38తో బయటపడేశాడు. 32 పాయింట్ల లోటును పూడ్చిన ఆ విజయం ఎన్ఎఫ్ఎల్‌లో దాదాపు ముప్పై ఏళ్లు రికార్డుగా నిలిచింది. ఆట మానేశాక పాస్టర్లను తయారుచేసే ఒక విద్యాసంస్థకు అధ్యక్షుడిగా ఉండి, ఆ తర్వాతే కోచింగ్‌లోకి వచ్చి, 2018లో ఇండియానాపొలిస్ కోల్ట్స్ హెడ్ కోచ్ అయ్యాడు.

2022 నవంబరులో కోల్ట్స్ రైక్‌ను తొలగించి, తాత్కాలికంగా జెఫ్ సాటర్డేను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. సాటర్డే అదే జట్టుకు 13 సీజన్లు సెంటర్‌గా (క్వార్టర్‌బ్యాక్‌కు బంతి అందించే స్థానంలో) ఆడిన, అభిమానులు నెత్తిన పెట్టుకున్న ఆటగాడు. కోచ్‌గా ఆయన అనుభవమంతా ఒక హైస్కూల్‌లోనిది. డిసెంబరు 17న మిన్నెసోటాలో సాటర్డే జట్టు విరామానికి 33–0 ఆధిక్యంలో ఉండి, ఆ మ్యాచ్‌ను 36–39తో ఓడిపోయింది. రైక్ పేరిట ఉన్న రికార్డు ఆ రోజుతో చెరిగిపోయింది.