ఐదు కుటుంబాలు, ఒకే వంటిల్లు: ఆనందపురం దగ్గర మా మూడో సంక్రాంతి

అందరికీ నమస్కారం. ఇక్కడ ఆదివారం ఉదయం ఎనిమిదయింది. డల్లాస్‌లో మా వాళ్లకి ఇంకా శనివారం రాత్రి ఎనిమిదిన్నర, భోజనాల వేళ. అదిగో, ఆ కొండ మీద మంచు ఇంకా విడలేదు.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం చెప్తాను. విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం వైపు హైవేలో వస్తే ఆనందపురం జంక్షన్ వస్తుంది, పూల మార్కెట్ ఉండే ఊరు. అక్కడి నుంచి పద్మనాభం వైపు లోపలికి వస్తే మా ఊరు. అనంతగిరి కొండల్లో పుట్టి భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తనీ నది మాకు దగ్గరే. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు మీద పొలం ఎలా కొన్నారని చాలామంది అడుగుతున్నారు. కొనలేదండీ. ఆ కార్డు ఉన్నవాళ్లం పంట భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనడానికి వీల్లేదు. ఇక్కడ ఉండే మనవాళ్ల నుంచి వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. ఇది మా అమ్మ నుంచి నాకు వచ్చిన జీడితోట. ఇందులో ఐదు చిన్న ఇళ్లు, ఒక బావి, అందరికీ కలిపి ఒక వంటిల్లు.

డల్లాస్‌లో నేను ప్రాజెక్ట్ మేనేజర్‌ని. రెండు వారాలకొక స్ప్రింట్ (అంటే ఆలోపు తేల్చాల్సిన పనుల విడత), రోజూ ఉదయం పావుగంట మీటింగ్, ఏ పని ఎవరిదో, ఎప్పటికి అవుతుందో అంతా స్క్రీన్ మీద ఉండేది. పదహారేళ్లు అలా బతికి వచ్చినదాన్ని. ఇక్కడ కూడా ఆరు నెలల్లో వంటిల్లు, ఏడాదికి అందరూ కాపురానికి రావడం అని చార్ట్ వేసి గోడకి అంటించాను.

మొదట నన్ను ఆపింది ఈ గోడే. కెమెరా దగ్గరికి తెస్తాను, చూడండి. ఎర్రమట్టిలో గడ్డి కలిపి, కాళ్లతో తొక్కి, వరస మీద వరస పెట్టిన గోడ ఇది. ఒక్కో వరస మూరెడు ఎత్తు. మేస్త్రీ తాత ఒక వరస పెట్టి చేతులు కడుక్కునేవాడు. "ఇయాల్టికింతే అమ్మా. కింద వరస గట్టిపడాల, రేపు కూడా ఎయ్యకూడదు" అనేవాడు. ఒకరోజు ఆయన రాలేదని మిగతా కూలీలతో ఒకే పూటలో రెండు వరసలు పెట్టించాను. సాయంత్రానికి గోడ పొట్ట పొడుచుకొచ్చింది. రాత్రి వాన పడింది, తెల్లారేసరికి ఆ మూల కూలిపోయింది. తాత వచ్చి చూసి ఏమీ అనలేదు. ఆ మట్టే మళ్లీ నానబెట్టి తొక్కడం మొదలుపెట్టాడు.

ఇది మొదలుపెట్టకముందు మేం పుదుచ్చేరి దగ్గరున్న ఆరోవిల్ చూసొచ్చాం. 1968లో మొదలైన ఊరు అది. మధ్యలో ధ్యానం కోసం కట్టిన మాతృమందిరానికి 1971లో శంకుస్థాపన చేస్తే 2008కి గానీ పూర్తవలేదు. అక్కడ ఆ మాట విన్నప్పుడు అబ్బా అనుకుని ఫోటో తీసుకుని వచ్చేశాను. గోడ కూలిన రోజు అది మళ్లీ గుర్తొచ్చింది.

అయినా మట్టితో వచ్చిన చిక్కు చిన్నది. మనుషులతో వచ్చింది చెప్పడానికే ఈ వీడియో పెడుతున్నాను. పిన్నిని అడిగే చెప్తున్నాను.

పిన్ని, బాబాయి మా ఐదు కుటుంబాల్లో పెద్దవాళ్లు. చుట్టాలు కారు, పిలుపు అలా కుదిరింది. వంటిల్లు రోజుకొక కుటుంబం వంతు. వండినవాళ్లే రాత్రికి గిన్నెలు తోమి బోర్లించాలి. పిన్ని వంతు వచ్చిన రోజు గిన్నెలు తొట్టి దగ్గర అలాగే ఉండేవి. రాత్రి పదింటికి నేను వెళ్లి తోమేసేదాన్ని. నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఎంత ఓర్పు నాకు అని నాలో నేను మెచ్చుకునేదాన్ని కూడా. కానీ ఏయే తేదీల్లో తోమానో ఫోన్‌లో రాసి పెట్టుకున్నాను.

ఒక ఆదివారం మీటింగ్‌లో మోటారు బాగుచేయించడం గురించి మాట్లాడుతున్నాం. ఎందుకు నోరు జారిందో తెలీదు, ఆ తేదీలన్నీ చదివేశాను. పిన్ని తల దించుకుంది. బాబాయి లేచి వెళ్లిపోయారు. మర్నాటి నుంచి వాళ్లింట్లోనే పొయ్యి వెలిగింది.

తర్వాత తెలిసింది ఇదీ. పిన్నికి మోకాళ్ల నొప్పులు. రాత్రిపూట గొంతుక్కూర్చుంటే మళ్లీ లేవలేకపోయేది. అందుకే తోముదామని పొద్దున్నే ఐదింటికి వచ్చేది. వచ్చి చూస్తే గిన్నెలన్నీ మెరుస్తూ ఉండేవి. తను తోమితే శుభ్రంగా ఉండవని నేను అనుకుంటున్నానని ఆవిడ నాలుగు నెలలు లోపల్లోపల బాధపడింది. నేనొక్కసారి అడిగి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది.

మనకి ఓపిక అనే మాటకి రెండర్థాలున్నాయి కదా. సహనం ఒకటి, ఒంట్లో శక్తి ఒకటి. "నాకు ఓపిక లేదు" అంటే రెండూ అవుతాయి. నేను చేసింది ఒంట్లో ఓపిక ఉన్నంతవరకు మోయడం. అది అయిపోగానే అందరి ముందూ పడేశాను. దాన్ని సహనం అనడానికి నాకిప్పుడు మనసొప్పదు.

క్షమించమని అడగడానికి నాలుగు రోజులు వరసగా వెళ్లాను. "పర్లేదమ్మా" అని పిన్ని తలుపు దగ్గరికి వేసేసేది. ఐదో రోజు బాబాయే గుమ్మంలోకి వచ్చి, "ఇంక రావద్దమ్మా. తనే వస్తుంది" అన్నారు. వెళ్లి మాట్లాడటం నా చేతిలో పని. వెళ్లకుండా ఉండటం ఎలాగో నాకు తెలీదు. రోజూ సాయంత్రం వాళ్లింటి దీపం చూస్తూ ఇంట్లోనే కూర్చునేదాన్ని. ఆరు వారాలు పట్టింది.

తేగల రోజులు వచ్చాయి. వానాకాలం చివర పాతేసిన తాటి టెంకల పాతర తవ్వి, ఊళ్లో మామ్మ గంపెడు తేగలు తెచ్చి మా వంటింటి వెనక నిప్పుల్లో కాలుస్తోంది. ఆ వాసనకి పిల్లలంతా చేరారు. పిన్ని కూడా వచ్చింది. నన్ను పలకరించలేదు. పీట లాక్కుని కూర్చుని ఒక తేగ ఒలిచింది, నిలువునా చీల్చింది. లోపలుండే లేత మొలక, అదే చందమామ కోసం పిల్లలు చేతులు చాపారు. అది తీసి నా చేతిలో పెట్టి, "ఉప్పుందా ఇంట్లో?" అంది. పరుగెత్తుకెళ్లి తెచ్చాను.

ఇదిగో, ఇది కొత్తగా కట్టించిన గట్టు. నిలబడి గిన్నెలు తోముకోవచ్చు. ఎత్తు పిన్ని నడుముకి కొలిచి కట్టారు, మిగతావాళ్లం కొంచెం వంగుతాం. ఆదివారం మీటింగ్‌లో కూడా ఒక మాట అనుకున్నాం. ఎవరి మీదైనా కష్టంగా అనిపిస్తే రెండు రోజుల్లోపు వాళ్లకే, విడిగా చెప్పాలి. చెప్పాక మళ్లీ ఆదివారం దాకా దాని ఊసెత్తకూడదు. మొదటి సగం కుదిరింది. రెండో సగం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది, బుధవారానికల్లా నోటిదాకా వచ్చేస్తుంది.

గోడ మీద నా చార్ట్ తీసేశాను. అక్కడ ఇప్పుడు వంతుల పట్టిక ఉంది, పిన్ని చేత్తో రాసింది. ఇవాళ వంట మాది. చోడి (రాగి) అంబలి కాచడం అయిపోయింది, మధ్యాహ్నానికి వంకాయలు కోయాలి. ఉంటాను మరి.