పై అంతస్తు ఫ్లాట్ అమ్ముడు పోవాలంటే

యాంకర్: హలో, చెప్పండమ్మా. ఎక్కడి నుంచి?

శ్రోత: విజయవాడ నుంచండి. మాది ఐదో అంతస్తు, ఆపైన డాబానే. ఏడాదిగా అమ్మాలని చూస్తున్నాం. ఉదయం వచ్చి నచ్చిందంటారు. మధ్యాహ్నం ఇంకోసారి వచ్చి, ఆ వేడి చూసి వెనక్కి పోతున్నారు. కింద ఫ్లాట్ కంటే 6 లక్షలు తక్కువకి అడుగుతున్నారండి. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. సోలార్ పెట్టిస్తే ధర వస్తుందా సార్?

ఇంజనీర్: డాబా మీ ఒక్కరిదా అమ్మా, అందరిదా?

శ్రోత: అందరిదీనండి.

ఇంజనీర్: అయితే తొందరపడకండి. ఇంటి మీద సోలార్ పెట్టుకునేవాళ్లకు కేంద్రం తెచ్చిన సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఉంది, నిజమే. కానీ దానికి దాదాపు 300 చదరపు అడుగుల చోటు కావాలి. అసోసియేషన్ ఒప్పుకోవాలి. ఆ చోటు ఎవరిదో కాగితం మీద లేకపోతే, రేపు కొనేవాళ్ల లాయర్ దగ్గరే బేరం ఆగిపోతుంది. సొంత ఇల్లయితే నేనే పెట్టించమనేవాణ్ణి. మీ ఇబ్బంది స్లాబుతో అమ్మా. పగలంతా ఎండ పీల్చుకుని, రాత్రి పది దాటినా వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. ఏసీ ఆ వేడితో కుస్తీ పడుతుంది.

శ్రోత: అవునండి, తెల్లారేదాకా ఆగదు.

ఇంజనీర్: ముందు పగుళ్లు పూడ్పించి, డాబా కడిగించి, ఎండను వెనక్కి కొట్టే తెల్ల కూల్‌రూఫ్ పెయింట్ రెండు పూతలు వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ఒక పాలసీయే తెచ్చింది. గదిలో రెండు మూడు డిగ్రీలు తగ్గినా మనిషికి తేడా తెలుస్తుంది. దుమ్ము పడితే సరిగ్గా పని చేయదు, వేసవికి ముందు కడగాలి. పడమటి కిటికీకి లోపల కర్టెన్ ఉందా?

శ్రోత: మందంది వేశామండి.

ఇంజనీర్: అద్దం దాటి ఎండ లోపలికి వచ్చాక కర్టెన్ ఏం ఆపుతుందమ్మా? బయట వెదురు తడిక కట్టండి. పాత ఫ్యాన్ 75 వాట్లు తాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 చుట్టూ. అది మాత్రం అమ్మకం కోసం మార్చకండి, మీతోనే తీసుకెళ్లొచ్చు.

యాంకర్: మరి ధర పెరుగుతుందా సార్?

ఇంజనీర్: 6 లక్షలూ తిరిగి వస్తాయని నేను మాటివ్వను. కొనేవాళ్లు ఈఎంఐ పక్కన మెయింటెనెన్సు, కరెంటు బిల్లు కూడా లెక్కేసుకుంటారు. వాళ్ల భయం ఎంత తగ్గితే బేరంలో మీకంత పట్టు దొరుకుతుంది. పన్నెండు నెలల బిల్లులు, యూనిట్లతో సహా ఫైల్‌లో పెట్టండి. రంగు వేశాక వాళ్లను మీరే మధ్యాహ్నం మూడింటికి రమ్మనండి.

శ్రోత: మే నెల బిల్లు మాత్రం చూపించొద్దంటున్నారండి మావారు.

ఇంజనీర్: అదే పైన పెట్టండమ్మా. రంగు వేశాక వచ్చిన బిల్లునీ, పోయిన ఏడాది అదే నెల బిల్లునీ పక్కపక్కన ఉంచి చూపించండి.