సలుపా, మంటా, తీపా? లైపోసక్షన్ తర్వాతి నొప్పి గురించి

అందరికీ నమస్కారం. నేను మత్తు డాక్టర్ని. ఆపరేషన్ బల్ల దగ్గర మీ తలవైపు నిలబడే మనిషిని. లైపోసక్షన్‌కి వచ్చేవాళ్ళు సర్జన్‌ని "ఎన్ని కిలోలు తగ్గుతాను?" అని అడుగుతారు. బరువు తగ్గించే ఆపరేషన్ కాదమ్మా ఇది, ఒకచోట పేరుకున్న కొవ్వు తీసేది అని ఆయన చెప్తారు. నన్ను అడిగేది మాత్రం ఒకటే: "నొప్పి ఉంటుందా?" ఉంటుంది. అది ఎప్పుడు వస్తుంది, ఎలా ఉంటుంది అన్నది చెప్పడానికే ఈరోజు వచ్చాను.

చర్మం మీద చిన్న గాటు పెట్టి, మొన మొద్దుగా ఉన్న సన్నని గొట్టాన్ని లోపలికి పంపుతారు. దాన్ని క్యాన్యులా అంటాం. ముందుకీ వెనక్కీ ఆడిస్తూ కొవ్వును లాగేస్తారు. పైకి కనిపించేది చిన్న గాటే అయినా, చర్మం కింద జానెడు మేర, ఒక్కోసారి మూరెడు మేర ఒరుసుకుపోయి ఉంటుంది. అందుకే గాటు దగ్గరకంటే దాని చుట్టూ ఎక్కువ నొప్పి.

1970ల్లో ఇటలీ, ఫ్రాన్స్‌లలో ఇది మొదలైన కొత్తలో రక్తం బాగా పోయేది. 1987లో కాలిఫోర్నియా చర్మవైద్యుడు జెఫ్రీ క్లెయిన్ వేరే దారి చూపించాడు. సెలైన్‌లో బాగా పలచగా లిడోకెయిన్, ఎడ్రినలిన్ కలిపి, కొవ్వు బిర్రుగా ఉబ్బేదాకా ఎక్కించడం. దీన్ని ట్యూమెసెంట్ పద్ధతి అంటారు. ఎడ్రినలిన్ రక్తనాళాలను ముడుస్తుంది. లిడోకెయిన్ అక్కడే నిలిచి గంటల తరబడి మొద్దుబారుస్తుంది. నొప్పి విషయంలో పెద్ద మార్పు ఇదేనని నా నమ్మకం. తర్వాత వచ్చిన ఏ మెషీనూ దీనికి సాటి రాలేదు.

అయితే ఆ మందు ఎప్పుడో ఒకప్పుడు దిగాలి కదా. సాయంత్రం నడుచుకుంటూ ఇంటికెళ్ళి, అన్నం తిని, "ఏం నొప్పి లేదు" అని ఫోన్ చేసిన మనిషి మర్నాడు మంచం మీంచి లేవబోయి "అమ్మా" అని ఆగిపోతుంది. నడుముకి వేసిన బిగుతు బెల్టు తడిసి ఉంటుంది, దుప్పటి మీద లేత ఎరుపు మరకలు. ఇంట్లోవాళ్ళకి ఒకటే టెన్షన్. నిజానికి ఆ కారేది చాలావరకు మేం ఎక్కించిన నీరే, కాస్త రక్తం కలిసి రంగు మారుతుంది. ఒకావిడ నన్ను నిలదీసింది: "ముందే చెప్పి ఉంటే పాత చీర పరుచుకునేదాన్ని కదా డాక్టరమ్మా!" తప్పు నాదే. అప్పట్నుంచి పాత చీర సంగతి చెప్పకుండా ఎవర్నీ ఇంటికి పంపలేదు.

ఆస్పత్రిలో నొప్పిని సున్నా నుంచి పది దాకా అంకెలో చెప్పమంటాం. నేను అంకె రాసుకుంటాను గానీ, మాట కోసం చెవి పెడతాను. "తీపులు తీస్తోంది, ఎవరో చితకబాదినట్టుంది" అంటే అది మామూలు నొప్పి. చేత్తో ఆడించే పాత పద్ధతిలో ఎక్కువగా వినేది ఇదే. క్యాన్యులాను మోటారు ఆడించే పద్ధతిలో నొప్పి, కమిలిన మచ్చలు కాస్త తక్కువని అన్న అధ్యయనాలున్నాయి, పెద్ద తేడా లేదన్నవీ ఉన్నాయి. సర్జన్ చేతికి శ్రమ తగ్గడం మాత్రం ఖాయం.

"మంటగా ఉంది, బట్ట తగిలినా చురుక్కుమంటోంది" అంటే నేను వేరేగా ఆలోచిస్తాను. కొవ్వును ముందు కరిగించి తర్వాత లాగే అల్ట్రాసౌండ్, లేజర్ పద్ధతుల్లో లోపల వేడి పుడుతుంది. ఎక్కువసేపు ఒకేచోట ఉంచితే చర్మం కాలవచ్చు, సన్నని నరాలు దెబ్బతినవచ్చు. తొలితరం అల్ట్రాసౌండ్ మెషీన్లతో ఇలాంటి ఇబ్బందులు ఎక్కువగా వచ్చాయి. "లేజరండీ, నొప్పే ఉండదు" అనే ప్రకటన చూస్తే నాకు బాధేస్తుంది. మెషీన్ పేరు అడగండి, దాంతో పాటు ఆ సర్జన్ ఆ మెషీన్ మీద ఎన్నాళ్ళుగా చేస్తున్నారో కూడా అడగండి.

మొద్దుబారడం, తిమ్మిరి వారాల తరబడి ఉండొచ్చు, మెల్లగా పోతాయి. నొప్పి మాత్రలు మేం రాసినవే వేసుకోండి, ఆస్పిరిన్ లాంటివి సొంతంగా వేసుకుంటే రక్తస్రావం పెరుగుతుంది. అదే రోజు నాలుగడుగులు నడవండి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఈ నొప్పి రోజురోజుకీ తగ్గాలి. తగ్గాల్సింది పోయి సలుపు పెరుగుతుంటే, జ్వరం వస్తే, పొట్ట రాయిలా గట్టిపడితే, ఒక పిక్క మాత్రం వాచి నొప్పెడితే, ఆయాసం వస్తే "ఆపరేషన్ అయింది కదా, ఉంటుందిలే" అని సర్దుకోకండి. అర్ధరాత్రయినా సరే, తెల్లవారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వచ్చేయండి.