మెమరీ ఫోమ్ పరుపు రివ్యూ: గుంత ఎందుకు పడుతుంది?

అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. నా వెనక మంచం మీద ఉన్నదే ఇవాళ మన సరుకు. సింగిల్ సైజు, ఐదంగుళాల మందం. పైన రెండంగుళాలు మెమరీ ఫోమ్, కింద మూడంగుళాలు మామూలు పీయూ ఫోమ్, అంటే పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన స్పాంజి. కంపెనీ పేరు చెప్పను, కవరు మీద గుర్తుని కూడా బ్లర్ చేశాను. గాంధీ రోడ్డులో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా ఈ లెక్కలు మీకూ పనికొస్తాయి.

తీర్పు ముందే చెప్పేస్తాను, వీడియో చివరిదాకా కూర్చోబెట్టే అలవాటు నాకు లేదు. పై పొర బాగుంది. కింద పొర నాసిరకం. ఎండాకాలం మొదట్లో కొన్నాను, చలి మొదలయ్యేసరికి నడుం పడేచోట గుంత తేలింది. పదికి ఐదు మార్కులు.

ఇప్పుడు కెమెరా దగ్గరికి తెస్తున్నాను, చూడండి. అరచేత్తో గట్టిగా నొక్కి తీసేశాను. వేళ్లతో సహా అచ్చు అలాగే ఉంది. ఇప్పుడు మెల్లగా పైకి లేస్తోంది. షాపులో అందరూ పడిపోయేది ఈ ఒక్క దృశ్యానికే. "పడుకొని చూడండి స్వామీ, మేఘం మీద ఉన్నట్టు ఉంటుంది" అంటారు. ఐదు నిమిషాలు పడుకుంటాం, నిజమే అనిపిస్తుంది, డబ్బు కట్టేస్తాం.

అసలు ఇందులో జరిగేది ఏంటంటే... ముందు స్ప్రింగు సంగతి చూద్దాం. ఎంత బరువు పెడితే అంత కుంగుతుంది, రెట్టింపు పెడితే రెట్టింపు, తీసేస్తే వెంటనే మొదటికి వచ్చేస్తుంది. రాబర్ట్ హుక్ 1678లో అచ్చువేసిన సూత్రం ఇదే. ఒక చిన్న సంగతి, నాకు చాలా ఇష్టమైనది: చుట్టల స్ప్రింగుని నొక్కినప్పుడు లోపల తీగ నలగదు, ప్రధానంగా మెలి తిరుగుతుంది. స్ప్రింగు పరుపు మీద పడుకుంటే మీ బరువంతా కొన్ని వందల తీగల్ని మెలిపెడుతోందన్నమాట.

మెమరీ ఫోమ్ అలా కాదు. దానికి కొంత స్ప్రింగు గుణం, కొంత చిక్కటి ద్రవం గుణం. నొక్కితే లోపలి పొడవాటి అణువుల గొలుసులు ఒకదాని మీద ఒకటి జారి సర్దుకోవడానికి టైం తీసుకుంటాయి. వదిలాక వెనక్కి రావడానికీ టైం కావాలి. అందుకే ఆ చేతి అచ్చు. 1966లో నాసా ఏమ్స్ కేంద్రం కోసం చార్లెస్ యోస్ట్ అనే ఇంజనీరు దీన్ని తయారుచేశాడు. విమానం సీట్లలో కుదుపుని తట్టుకోవడానికి అప్పట్లో దీన్ని వాడాలనుకున్నారు, పరుపుగా కాదు.

ఇక మన ఊరి ఎండ. మెమరీ ఫోమ్ గట్టిదనం వేడిని బట్టి బాగా మారుతుంది. మన గది ఉష్ణోగ్రతకి దగ్గర్లోనే అది బిరుసు నుంచి మెత్తదనానికి మారుతుంది, కావాలనే అలా తయారుచేస్తారు. ఒంటి వేడికి మనం పడుకున్న చోటే మెత్తబడి, మన ఆకారానికి ఒదగాలని. కానీ తిరుపతిలో మే నెలలో బయట 40 డిగ్రీలు దాటినప్పుడు, ఏసీ లేని గదిలో, మనం పడుకోకముందే పరుపంతా మెత్తబడి ఉంటుంది. ఒళ్లు ఇంకాస్త లోతుగా దిగబడుతుంది, గాలి ఆడదు, వీపంతా చెమట. అదే పరుపు డిసెంబరు తెల్లవారుజామున బిరుసుగా, ఎవరో కొత్తది తెచ్చి వేసినట్టుంది. ఏసీ లేని ఇంటికి మందపాటి మెమరీ ఫోమ్ వద్దు. రెండంగుళాలు చాలు, అది కూడా నా ఉద్దేశంలో ఎక్కువే.

సరే, గుంత సంగతికి వద్దాం. తప్పు పై పొరది కాదు. కింద పొరని విడిగా తీశాను, చూడండి, ఇక్కడ మధ్యలో వేలు పెడితే తెలుస్తోంది.

మామూలు ఫోమ్ అంటే సన్నటి కడ్డీలతో కట్టిన బుల్లి గదుల గుంపు. కొంచెం నొక్కితే కడ్డీలు వంగుతాయి, తీస్తే నిలబడతాయి. ఇంకా నొక్కితే ఒక్కో వరస గదులు కూలడం మొదలవుతుంది. ఆ దశలో బలం పెద్దగా పెంచకుండానే చాలా లోతుకి దిగిపోతుంది, మనకి హాయిగా అనిపించేది అక్కడే. గదులన్నీ కూలాక కడ్డీలు ఒకదానికొకటి తగిలి, ఒక్కసారిగా రాయిలా గట్టిపడుతుంది. పలచటి ఫోమ్ మీద పక్కకి తిరిగి పడుకుంటే తుంటి ఎముకకి చెక్క తగిలినట్టు ఉంటుందే, అది ఈ మూడో దశ. వెల్లకిలా పడుకుంటే మన బరువు వీపంతా పంచుకుంటుంది. పక్కకి తిరిగితే అదే బరువు ఎక్కువగా భుజం, తుంటి మీదే పడుతుంది కాబట్టి అక్కడ ఒత్తిడి పెరుగుతుంది.

దీనికి తోడు కాలం. ఒకే బరువుని గంటల తరబడి ఒకేచోట పెడితే, బరువు పెరగకపోయినా ఫోమ్ ఇంకా ఇంకా కుంగుతూనే ఉంటుంది. దీన్ని ఇంజనీర్లు క్రీప్ అంటారు. పగలు కొంత తేరుకుంటుంది, పూర్తిగా కాదు. వేడి ఎక్కువైతే, గాలిలో తేమ ఎక్కువైతే తేరుకోని భాగం పెరుగుతుంది. అందుకే ఫోమ్ పరీక్షల్లో ముక్కని సగం మందానికి నొక్కిపట్టి, 70 డిగ్రీల వేడిలో 22 గంటలు ఉంచి, వదిలిన అరగంటకి ఎంత మందం పోయిందో కొలుస్తారు. షాపులో ఆ అంకె అడగండి. ఇస్తారని కాదు, అడిగితే వాళ్ల మాటతీరు మారుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, డెన్సిటీ. షాపుల్లో "హై డెన్సిటీ, అందుకే గట్టిగా ఉంటుంది" అంటారు. రెండూ వేరు. గట్టిదనం అంటే ఫోమ్‌ని కొంత లోతుకి నొక్కడానికి ఎంత బలం కావాలి అన్నది. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుంది అన్నది. మెత్తగా ఉంటూ డెన్సిటీ ఎక్కువ ఉన్న ఫోమూ ఉంటుంది, గట్టిగా ఉంటూ డెన్సిటీ తక్కువదీ ఉంటుంది. గుంత పడకుండా ఎక్కువ కాలం నిలిచేది మామూలుగా డెన్సిటీ ఎక్కువున్నదే.

దీన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. నా కింద పొర 72 అంగుళాల పొడవు, 36 వెడల్పు, 3 మందం. ఘనపు మీటర్లలో సుమారు 0.127. లేబుల్ మీద 32 డెన్సిటీ అని ఉంది, అంటే నాలుగు కిలోల పైచిలుకు తూగాలి. తూకం యంత్రం మీద పెట్టాను, మూడు కిలోలు కూడా లేదు! మార్కులు సగానికి తగ్గింది ఇక్కడే. బరువు సరిపోయినా పూర్తిగా నమ్మకండి, సున్నపురాయి పొడి లాంటివి కలిపి బరువు పెంచేవాళ్లూ ఉన్నారు. బరువు తగ్గితే మాత్రం మోసం ఖాయం.

ఇందాక చెప్పిన క్రీప్ లాంటిదే మీ వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులకీ జరుగుతుంది. పగలంతా నిలబడి, కూర్చుని ఉంటే ఆ ఒత్తిడికి వాటిలోని నీరు కొంత బయటికి పోయి, సాయంత్రానికి మన ఎత్తు ఒక సెంటీమీటరు, కొందరికి ఇంకాస్త ఎక్కువే తగ్గుతుంది. రాత్రి పడుకున్నాక నీరు తిరిగి చేరుతుంది. నడుం గుంతలో ఉండి వెన్ను విల్లులా వంగి ఉంటే, తెల్లారి లేవగానే పట్టేసినట్టు ఉండటం నాకైతే వింతగా అనిపించలేదు.

మన పాత నులక మంచం ఈ విషయంలో నయం. తాడు సాగుతుందని ముందే తెలుసు కాబట్టి కాళ్లవైపు బిగించుకునే ఏర్పాటు పెట్టారు. దూది పరుపు ఉండకట్టి చదునైపోతే మళ్లీ ఏకిస్తే గాలి ఎక్కి పొంగేది. ఫోమ్‌కి ఆ రెండో అవకాశం లేదు, కూలిన గదిని మళ్లీ కట్టలేం. అలాగని దూది పరుపు కొనమని చెప్పను, ఆ బరువు మోసేదెవరు?

వారంటీ కాగితం మాత్రం చదవండి. గుంత ఇంత లోతు దాటితేనే మారుస్తాం అనే షరతు ఉంటుంది, ఆ కొలత బరువు లేకుండా, ఖాళీ పరుపు మీద. నాది ఆ లోతుకి ఇంకా చేరలేదట. తలవైపు, కాళ్లవైపు మార్చి వేసుకోమని సలహా ఇచ్చారు. మార్చాను. నడుం పడేది పరుపు మధ్యలోనే కదా, ఎటు తిప్పినా గుంత నడుం కిందికే వస్తోంది.