ఆ ఐదు సెకన్లు ఎవరివి?

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్‌లో మనతో ఒక ట్రాఫిక్ ఇంజినీర్ ఉన్నారు. మేడమ్, చాలామందికి ఉన్న సందేహమే ముందు అడుగుతాను. ట్రాఫిక్ పోలీసుల పనికీ మీ పనికీ తేడా ఏంటండీ?

ఇంజినీర్: నమస్కారం అండీ. వాళ్లు ఆ పూట రోడ్డు మీదున్న ట్రాఫిక్‌ను చూసుకుంటారు. మేం జంక్షన్‌ను డిజైన్ చేస్తాం. ఏ వైపుకు ఎన్ని సెకన్లు గ్రీన్, మలుపు ఎంత వెడల్పు, జీబ్రా క్రాసింగ్ ఎక్కడ, ఇవన్నీ లెక్క కట్టాలి.

హోస్ట్: ఇటువైపు ఎలా వచ్చారు?

ఇంజినీర్: సివిల్ చదివి, పీజీలో ట్రాన్స్‌పోర్టేషన్ తీసుకున్నాను. ఉద్యోగంలో మొదట ఇచ్చిన పని, జంక్షన్‌లో నిలబడి బండ్లు లెక్కపెట్టడం! ఎటు నుంచి ఎటు, కారా, బస్సా, టూవీలరా అని పావుగంటకోసారి షీటులో రాయాలి. ఇప్పుడు కెమెరాలు లెక్కపెడుతున్నాయి. అయినా కొత్తగా చేరినవాళ్లను నేను కౌంటింగుకు పంపుతాను. రోడ్డు దాటబోయి వెనక్కి తగ్గిన మనిషి ఆ అంకెల్లో కనపడరు కదా.

హోస్ట్: గ్రీన్ ఇంకాస్త ఎక్కువసేపు ఉంటే బాగుండు అని అందరూ అంటారు...

ఇంజినీర్: అన్ని వైపులా పెంచితే అందరి ఎదురుచూపూ పెరుగుతుంది. మరీ తగ్గించినా నష్టమే. సిగ్నల్ మారిన ప్రతిసారీ బండ్లు కదలడానికి, జంక్షన్ ఖాళీ అవడానికి కొన్ని సెకన్లు పోతాయి. ఈ రెండింటి మధ్య సరైన సైకిల్ టైమ్ కోసం, అంటే అన్ని వైపులా గ్రీన్ ఒక రౌండ్ తిరిగొచ్చే టైమ్ కోసం, బ్రిటన్‌లో వెబ్‌స్టర్ అనే పరిశోధకుడు 1958లో ఒక సూత్రం ఇచ్చారు. ఇప్పటికీ నా మొదటి లెక్క దానితోనే.

హోస్ట్: మీరు బాగా పట్టుబట్టే విషయం ఏంటి?

ఇంజినీర్: నడిచేవాళ్ల టైమ్. 12 మీటర్ల రోడ్డు అనుకోండి. సెకనుకు 1.2 మీటర్ల నడక అని లెక్కేస్తే 10 సెకన్లు చాలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ 0.8 మీటర్లే నడవగలిగితే? 15 సెకన్లు కావాలి. అంటే పదో సెకనుకు ఆవిడ ఇంకా రోడ్డు మధ్యలోనే ఉంటుంది.

హోస్ట్: ఆ ఐదు సెకన్లు ఇస్తే బండ్లు ఆగిపోవా?

ఇంజినీర్: గ్రీన్ పడి బండ్లు బారుగా కదిలేటప్పుడు ఒక లేన్‌లో సుమారు రెండు సెకన్లకో కారు దాటుతుంది. ఐదు సెకన్లంటే లేన్‌కు రెండు మూడు కార్లు. అవి తర్వాతి గ్రీన్‌లో పోతాయి. మీటింగుల్లో ఈ లెక్కే ముందు పెడతాను. ఒక్కోసారి ఒప్పుకుంటారు, ఒక్కోసారి వెహికల్ డిలే, అంటే బండ్ల ఎదురుచూపు, పెరుగుతుందని కొట్టేస్తారు. ఆ రోజు ఇంటికొచ్చినా టెన్షన్ పోదు. బండ్ల డిలేకి రిపోర్టులో ఒక కాలమ్ ఉంటుంది. నడిచేవాళ్ల ఎదురుచూపుకూ ఒకటి ఉండి తీరాలి. నా రిపోర్టుల్లో పెడుతున్నాను.

హోస్ట్: ఆఫీసు అయ్యాక?

ఇంజినీర్: బైనాక్యులర్స్ పట్టుకుని పక్షులను చూస్తాను. గుంపుగా ఎగిరే పక్షులంటే మరీ ఇష్టం. స్టార్లింగ్ పక్షి తన దగ్గర్లోని ఆరేడు పక్షులను గమనిస్తూ ఎగురుతుందని ఇటలీ పరిశోధకులు 2008లో రాశారు. అదే ఏడాది జపాన్‌వాళ్ల ప్రయోగం ఒకటి వచ్చింది. 230 మీటర్ల వలయంలో 22 కార్లు నడిపితే, ఏ అడ్డూ లేకుండానే జామ్ అయింది! ముందు కారు కొంచెం నెమ్మదిస్తే, వెనకాయన ఇంకొంచెం గట్టిగా బ్రేక్ వేస్తారు. అది అలా వెనక్కి పాకుతుంది. పక్షి చుట్టూ ఉన్న ఆరేడింటిని గమనిస్తుంది, మనం ముందు కారునే చూస్తాం. పక్షులను చూస్తున్నంతసేపూ నాకు ఇదే ఆలోచన.

హోస్ట్: ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లకు ఏం చెబుతారు?

ఇంజినీర్: స్టాటిస్టిక్స్ గట్టిగా నేర్చుకోండి. సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్, అంటే ట్రాఫిక్‌ను కంప్యూటర్‌లో నడిపి చూసేది, ఉద్యోగంలో చేరాక కూడా నేర్చుకోవచ్చు. డ్రాయింగ్ మొదలుపెట్టే ముందు ఆ జంక్షన్‌ను పగలొకసారి, రాత్రొకసారి నడిచి దాటండి. వీలైతే ఒక పెద్దాయననో, చిన్నపిల్లనో వెంటబెట్టుకుని వాళ్ల నడకతోనే దాటండి.