చేత్తో ఫోకస్ చేయాలంటే ఏ లెన్సు? (ఫోన్-ఇన్)

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ్టి ఫోన్-ఇన్‌లో డిజిటల్ ఎస్ఎల్ఆర్ కెమెరా మీద రింగు తిప్పి ఫోకస్ చేసుకునేవాళ్ళు ఎలాంటి లెన్సు తీసుకోవాలో మాట్లాడుకుందాం. మొదటి కాల్ కరీంనగర్ నుంచి. చెప్పండి.

శ్రోత, కరీంనగర్: నమస్తే సార్. నా దగ్గర నికాన్ డీ5600 ఉంది. సెకండ్ హ్యాండ్‌ల 50 ఎంఎం ఎఫ్1.8 ఏఐ-ఎస్ లెన్సు తీసుకున్న. పెడితే ‘ఎఫ్’ పక్కన గీతలే వస్తున్నయి. బటన్ నొక్కితే ఫోటో పడ్తలేదు. లెన్సు ఖరాబైందా సార్?

నిపుణుడు: లెన్సుకేం కాలేదండి. అందులో చిప్ లేదు, అందుకని మీ కెమెరా ఎం మోడ్‌లో, అంటే షట్టర్ స్పీడు, అపెర్చర్ రెండూ మనమే పెట్టుకునే మోడ్‌లో తప్ప షట్టర్ వదలదు. డయల్ ఎం మీద పెట్టండి, పడుతుంది. వెలుతురు కొలిచే మీటరు మాత్రం రాదు. మీ ఏఐ-ఎస్ లాంటి నికాన్ ఏఐ రకం లెన్సుల్లో, అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) సైజు మార్చే రింగు అంచున చిన్న మెట్టు ఉంటుంది. అది బాడీ మీది లివరును నెడితేనే రింగు ఎంత తిప్పామో కెమెరాకు తెలుస్తుంది. డీ3000, డీ5000 వరసల్లో ఆ లివరు లేదు. డీ7000, 7100, 7200లో ఉంది, డీ7500కి వచ్చేసరికి తీసేశారు. కొత్త మోడల్ కదా అని 7500 కొంటే మీటరు రాదన్నమాట. మీరైతే ఒక ఫోటో తీసి, హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) చూసి షట్టర్ స్పీడు సరిచేసుకోండి.

ఇంకో జాగ్రత్త. 1977కు ముందు వచ్చిన, ఏఐకి మార్చని నికాన్ లెన్సులు మీ 5600కి ఇబ్బంది లేకుండా ఎక్కుతాయి. అవే లెన్సులు 7200కి ఎక్కిస్తే ఆ లివరు దెబ్బతింటుంది.

శ్రోత: ఫోకస్ కుదిరిందని ఎట్ల తెలుస్తది సార్?

నిపుణుడు: వ్యూఫైండర్‌లో కింద ఎడమవైపు ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. లెన్సు ఎఫ్5.6 లేదా అంతకంటే పెద్ద అపెర్చర్‌ది, అంటే ఎఫ్ అంకె 5.6 లేదా అంతకంటే చిన్నది, అయితే చాలు. మెనూలో రింగు ఎటు తిప్పాలో చూపే రేంజ్‌ఫైండర్ అని ఒకటుంది గానీ అది ఎం మోడ్‌లో పనిచేయదు, మీకు చుక్కే దిక్కు. రింగు కొంత దూరం తిరిగినా ఆ చుక్క వెలుగుతూనే ఉంటుంది. ఎక్కడ వెలిగింది, ఎక్కడ ఆరింది చూసుకుని మధ్యలో ఆపండి.

చుక్కను వదిలి కంటినే నమ్ముకుంటే మోసపోతాం. ఇప్పటి కెమెరాల వ్యూఫైండర్ లోపలి స్క్రీన్‌ను ఎఫ్3.5-5.6 జూమ్‌లతో కూడా వెలుతురుగా కనిపించేలా తయారుచేస్తారు. ఎఫ్1.4 లెన్సు పెట్టినా అందులో కనిపించే లోతు (ముందువెనకలుగా స్పష్టంగా ఉండే మేర) దాదాపు ఎఫ్2.8ది. 85 ఎంఎం ఎఫ్1.4తో రెండు మీటర్ల దూరంలో, మీలాంటి చిన్న సెన్సర్ మీద స్పష్టంగా వచ్చే లోతు మూడు సెంటీమీటర్లే. ఫైండర్‌లో ముఖమంతా బాగుందనిపిస్తుంది, ఫోటోలో చూస్తే ముక్కు కొస స్పష్టంగా ఉండి కళ్ళు మసకబారి ఉంటాయి. ముందు డయాప్టర్, అంటే ఫైండర్‌ను మీ కంటిచూపుకు సరిచేసే చక్రం, సరిచేసుకోండి. ఖాళీ గోడ వైపు తిప్పి, ఫైండర్‌లోని ఫోకస్ పాయింట్ల గీతలు పదునుగా కనిపించేదాకా ఆ చక్రం తిప్పాలి. చాలామంది ఇది చేయకుండానే లెన్సును తిడతారు.

వ్యాఖ్యాత: విశాఖపట్నం నుంచి ఇంకొకరు.

శ్రోత, విశాఖపట్నం: నమస్కారమండీ. నాది కెనాన్ 1500డీ. హీలియోస్ 44-2 అనే పాత లెన్సు ఒకటి అమ్మకానికి వచ్చింది. మా తమ్ముడిది నికాన్. ఇద్దరం వాడుకోవచ్చా?

నిపుణుడు: మీకు కుదురుతుందమ్మా, మీ తమ్ముడికి కుదరదు. అది ఎం42 అనే, మర (స్క్రూ)లా తిప్పి బిగించే రకం లెన్సు. వెనక అంచు నుంచి ఫిల్ముకు 45.46 మిల్లీమీటర్ల దూరం ఉండాలని లెక్కగట్టి చేసింది. మీ కెనాన్‌కున్న ఈఎఫ్ మౌంటులో (లెన్సు బిగించే చోటు) ఆ దూరం 44. మిగిలిన 1.46 మిల్లీమీటర్లలో లెన్సును కెమెరాకు కలిపే అడాప్టర్ సరిపోతుంది. నికాన్‌లో 46.5, అంటే లెన్సు ముందే ఒక మిల్లీమీటరు ఎడంగా ఉన్నట్టు. దగ్గరి వస్తువులకు ఫోకస్ అవుతుంది, దూరపు కొండ మాత్రం స్పష్టంగా రాదు. గాజు ఉన్న అడాప్టర్లు దొరుకుతాయి గానీ వాటితో స్పష్టత పోతుంది. నేనైతే కొనమని చెప్పను.

కొనేముందు అపెర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్. మీ సముద్రం గాలికి అది ఇంకా పాకుతుంది, వదిలేయండి. నాలుగు ధూళి కణాలుంటే ఏం కాదు. ఫోకస్ రింగు మొదటినుంచి చివరిదాకా ఒకే బరువుతో తిరగాలి. మధ్యలో పట్టేస్తే గ్రీజు ఎండిపోయిందని అర్థం.

తీసేటప్పుడు ఏవీ మోడ్ (అపెర్చర్ మనది, షట్టర్ స్పీడు కెమెరాది), లైవ్ వ్యూ (వెనక తెర మీద చూడటం), పది రెట్లు పెద్దది చేసి చూడటం. ఎఫ్2లో ఫోకస్ చేసి, ఆ తర్వాత కావలసిన అపెర్చర్‌కు మూసుకోండి. 44-2లో ఎంతవరకు మూయాలో ముందే పెట్టుకునే ప్రీసెట్ రింగు ఉంది కాబట్టి ఆ పని కళ్ళు మూసుకుని చేయొచ్చు.

వ్యాఖ్యాత: విజయవాడ శ్రోత లైన్లో ఉన్నారు.

శ్రోత, విజయవాడ: కెమెరాతో వచ్చిన ఏఎఫ్-పీ 18-55 రింగుతోనే నేర్చుకోవచ్చా అండీ?

నిపుణుడు: వద్దండి. ఆ రింగు తిప్పితే లోపల మోటారు కదులుతుంది, గాజుకూ మీ వేలికీ నేరుగా సంబంధం లేదు. దూరం గుర్తులూ లేవు. దగ్గర నుంచి దూరానికి రింగు ఎంత ఎక్కువ తిరిగితే అంత సన్నగా సర్దుకోవచ్చు. పాత 50 ఎంఎం ఒకటి చేతికి తీసుకుని తిప్పి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

వ్యాఖ్యాత: చివరి కాల్ డాలస్ నుంచి.

శ్రోత, డాలస్: నక్షత్రాల కోసం 14 ఎంఎం ఎఫ్2.8 మాన్యువల్ లెన్సు కొన్నానండీ. రింగు అనంతం గుర్తు మీద పెట్టినా చుక్కలు బిళ్ళల్లా వస్తున్నాయి.

నిపుణుడు: ఆ గుర్తును పట్టించుకోకండి. లైవ్ వ్యూలో బాగా మెరిసే నక్షత్రం మీద పదిరెట్లు జూమ్ చేసి, అది అన్నిటికంటే చిన్న చుక్కయ్యే చోటు దాటించి, వెనక్కి తెచ్చి ఆపండి. అక్కడ రింగు మీద, లెన్సు గొట్టం మీద కలిసేలా తెల్ల టేపు అంటించి పెన్నుతో గీత గీయండి. చలి పెరిగితే ఆ చోటు కొద్దిగా జరుగుతుంది, గంటకోసారి మళ్ళీ చూసుకోండి.