పందిరి పోయాక దుంగ మీద ఎవరుంటారు?

అందరికీ నమస్కారం. అడవిలో పైనున్న ఆకుల పందిరి పోతే, కింద పడిన దుంగల మీద ఏ శిలీంధ్రాలు బతుకుతాయన్నదే ఈ రోజు మన మాట. ముందు వరుసలోంచి రెండు మామిడి పుల్లలు పంపిస్తున్నాను, చేతులు మారుస్తూ చూడండి. రెండింటి మీదా ఉన్నది ఒకటే శిలీంధ్రం, స్కిజోఫిల్లం కమ్యూన్. వంటచెరకు మోపుల మీద, కంచె కర్రల మీద గోరంత విసనకర్రల్లా, తెల్లటి నూగుతో మీరంతా చూసే ఉంటారు. ఒక పుల్లను రాత్రంతా తడిపి ఉంచాను. రెండోది ఎండుది. అడుగు వైపు తిప్పండి. ఎండినదానిలో రేకులు నిలువునా చీలి, అంచులు చుట్టుకుపోయాయి. విత్తనాల్లా పనిచేసే సిద్ధబీజాలు పుట్టే చోటును అది అలా మూసుకుంటుంది. ఏళ్ల తరబడి ఎండిపోయి ఉన్నా, నీళ్లు తగిలితే మళ్లీ విచ్చుకుంటుంది.

దుంగ మీద బతికే చాలా శిలీంధ్రాలకు ఈ విద్య రాదు. వాటికి చెక్కలో తడి నిలవాలి. ఎండు చెక్క బరువులో సుమారు 30 శాతానికి తగ్గకుండా నీరుంటేనే కుళ్లు సాగుతుంది. అడవిలో ఆ తడిని కాపాడేది పైనున్న ఆకుల పందిరి. అది తొలగితే మధ్యాహ్నం దుంగ బాగా వేడెక్కుతుంది, రాత్రికి చల్లబడుతుంది. సన్న కొమ్మలు చూస్తుండగానే ఎండిపోతాయి. లావు మాను పైపైన ఎండినా లోపల తేమ దాచుకుంటుంది. అందుకే మెత్తటి గొడుగులు ముందు కనుమరుగవుతాయి, గట్టి పెంకులాంటివి నిలబడతాయి.

ఎండ అంటే శిలీంధ్రాలకు చావే అని నేనూ చాలాకాలం క్లాసులో చెప్పాను. అది సగమే నిజం. యూరప్ అడవుల్లో గ్లియోఫిల్లం సెపియారియం అనే గోధుమరంగు శిలీంధ్రం ఎండ తగిలే స్ప్రూస్ అనే సూదాకు చెట్టు దుంగలనే ఇష్టపడుతుంది. అది చెక్కలోని నారలాంటి సెల్యులోజ్‌ను తినేసి, చెక్కకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను చాలావరకు వదిలేస్తుంది. మిగిలిన చెక్క ఎండిన చెరువు మట్టిలా బీటలు వారుతుంది.

జర్మనీలోని బవేరియన్ ఫారెస్ట్ ఆ దేశపు మొదటి జాతీయ ఉద్యానవనం, 1970లో ఏర్పడింది. 1983లో గాలివాన పడగొట్టిన చెట్లను అక్కడ చాలావరకు తీయకుండా వదిలేశారు. తర్వాత బెరడు తొలిచే పురుగు వేల హెక్టార్ల స్ప్రూస్‌ను చంపింది. పందిరి పోయింది, మాన్లు మిగిలాయి. అరుదైన ఆంట్రోడియెల్లా సిట్రినెల్లా అనే నిమ్మపండు రంగు శిలీంధ్రం అక్కడ తగ్గలేదు, పెరిగింది! ఫోమిటోప్సిస్ పినికోలా అనే మరో శిలీంధ్రం పట్టిన దుంగల మీదే ఇది వస్తుంది. చచ్చిన స్ప్రూస్ విరివిగా దొరికేసరికి రెండూ నిలదొక్కుకున్నాయి. అదే అడవిలో బీచ్, ఫర్ అనే రెండు రకాల చెట్ల దుంగలను కొన్ని ఎండలో, కొన్ని నీడలో ఉంచి చూశారు. ఏ చెట్టు దుంగ అన్నదీ, ఎండా నీడా అన్నదీ, దేనికదే అక్కడ చేరే శిలీంధ్రాలను మార్చాయి.

కాబట్టి నా అనుమానమల్లా గొడ్డలి మీద కన్నా లారీ మీదే. పందిరి పోతే దుంగ మీద ఇంకొకరు వచ్చి చేరతారు. పడిన చెట్లను కూడా 'శుభ్రం' చేసి ఎత్తుకుపోతే ఎవరూ చేరరు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఈ లెక్కను నల్లమలకు నేరుగా దించకూడదు. అక్కడి చెట్లు ఏటా వేసవికి ఆకు రాలుస్తాయి. మండుటెండలో పందిరి లేకుండా ఉండటం ఆ దుంగలకు మామూలే. అక్కడి శిలీంధ్రాలు వానల కోసం కాచుకు కూర్చునేవి. వాటిని వాటి తీరులోనే చదవాలి.

ఆ ఎండు పుల్ల ఇటు ఇవ్వండమ్మా. ఈ గ్లాసు నీళ్లలో వేస్తున్నాను. మీ ప్రశ్నలు అయ్యేసరికి ఎంత విచ్చుకుంటుందో చూద్దాం.